నలభై మూడో నంబరు

హన్మకొండ చౌరస్తా దాటినంక, రెండో అంతస్తు,
జనరేటర్ పొగ వాసనొచ్చే గది.
నెత్తురు తీసేది నేనే, ట్యూబు మీద నంబరు రాసేదీ నేనే.
పేర్లు రాయొద్దు. రూలు.
నలభై మూడు అని రాస్తే
ఆ మనిషి నలభై మూడే.

కానీ గోళ్ల కింద నీలం రంగుంటే ఏం చేయాలె?
చేతిగీతలల్ల ఎండిన ఎరుపుంటే?
కొత్తవాడల జంఖానాలు నేసే చిప్ప ఓదెలు,
యాభై ఆరేండ్లు.
మందిచ్చిన్రా, ఉప్పునీళ్లిచ్చిన్రా,
ఆయనకు తెల్వదు, డాక్టరుకు తెల్వదు, నాకూ తెల్వదు.
తెలిసిన కంప్యూటరు హైదరాబాదుల ఎక్కడో
తాళమేసుకుని కూసున్నది.

"టీ కణాలంటే చాయ్ తాగితే పెరుగుతయా బిడ్డా?"
సూది గుచ్చుతుంటెనే అడుగుతడు, చెయ్యి కదలకుండ.
కాదు కాకా,
రొమ్మెముక వెనుక ఒక బడి ఉంటది, థైమస్ అంటరు,
ఇంగ్లీషుల దాని పేరుకు మొదటి అక్షరం అది.
చిన్నప్పుడు కిటకిటలాడుతది,
నీ వయసుకు గోడలే మిగుల్తయి.
"మరి సార్లు లేని బడిల చదువెట్ల?"
చదివి బయటపడ్డోళ్లు ఒంట్లనే తిరుగుతుంటరు,
కొత్త దొంగ మొకం ఒక్కపారి చూపిస్తే
గుర్తు పెట్టుకునేటోడు వాళ్లల్ల ఒకడన్న ఉంటడు.
యాంటీబాడీలు అద్దకం రంగసొంటివి,
నాలుగు ఉతుకులకు వెలుస్తయి.
వీళ్ల గుర్తు ఎన్నేండ్లుంటదో
మాకూ ఇంకా తెల్వదు. అందుకే ఈ నెత్తురు.

ఇరవై ఎనిమిదో రోజు.
తెల్లకణాలు వేరు చేసి, కడిగి,
తొంభై ఆరు గుంతల ప్లేటుల పోసి,
వైరసు ముల్లు ముక్కలు చూపెట్టి
ముప్పై ఏడు డిగ్రీల పెట్టెల రాత్రంత పండబెట్టిన.
గుర్తుపట్టిన కణం అరుస్తది.
అరిచిన చోట ఊదా చుక్క పడుతది.
జ్ఞాపకాన్ని ఒకటి, రెండు అని ఏలుపెట్టి లెక్కబెట్టేది
ఈ గదిలనే అనుకుంట.

పొద్దున లెన్సు కింద,
నలభై ఒకటికి చుక్కలే చుక్కలు,
తొలకరికి దుమ్ము మీద చినుకులు పడ్డట్టు.
నలభై రెండుకు యాభై ఎనిమిది.
నలభై మూడు
తెల్లగ.
మూడు చుక్కలు.
ఏమీ చూపెట్టని గుంతలనూ మూడే ఉన్నయి,
ఊరికెనే అరిచే కణాలు ప్రతి ఒంట్ల కొన్ని ఉంటయి.
గట్టిగ కుదిపే మందు పోసిన చివరి గుంత మాత్రం
నల్లగ నిండింది.
అంటే బతికే ఉన్నయి,
ఈ మొకమే ఎరుక లేదు వాటికి.

ఉప్పునీళ్లేనా?
కావొచ్చు. మందు పడ్డా నోరు విప్పని ఒళ్లుంటయి,
కాకపోవచ్చు.
నేను చెప్పొద్దు. సంతకం పెట్టిన.

సాయంత్రం కూరగాయల మార్కెట్ కాడ కనబడ్డడు.
మాస్కు గదువ కింద,
పచ్చిమిర్చి బేరం,
ఎదుటోని మొకంల మొకం పెట్టి నవ్వు.
"నాకు సూది పడ్డది బిడ్డా, ఇగ భయమేంది?"
నా నాలిక మీద మూడు చుక్కలు.
మాస్కు పైకి గుంజుకో కాకా, అన్న.
మల్ల అన్న.
మూడోసారి నేనే చెయ్యి చాపి గుంజిన.
మిర్చి అమ్మేటామె తక్కెడ ఆపి చూసింది.

ఆ రాత్రి కంప్యూటర్ గడిల మూడు అని కొట్టిన.
గడి ఖాళీగ ఉంచరాదు, మూడు కూడ లెక్కే,
ఇది లేకపోతే నలభై ఒకటి చినుకులకు అర్థం లేదు.
మొదటి రోజు నెత్తురిచ్చుకుంట ఓదెలు చెప్పిండు,
జంఖానాల పడుగు కనబడదట,
పైన రంగులన్నీ పేకవేనట,
పంజా కొట్టి కొట్టి పడుగును కప్పేస్తరట,
కానీ అది తెగిందో...
మాట ఆపి, ట్యూబు నిండుతుంటే చూసుకుంట కూసున్నడు.

తొంభయ్యో రోజుకు రమ్మని ఫోన్ చేసిన.
వెనుక మొగ్గం చప్పుడు.
"వస్త. మాస్కు పెట్టుకునే వస్త.
నడి బజార్ల గట్లెందుకు గుంజింది అని
మా ఇంటామె అడుగుతున్నది బిడ్డా."
నేను తేదీ ఇంకోసారి చెప్పిన.